ధ్రువ సముద్రపు కోర్ నుంచి పాత వాతావరణాన్ని చదవడం ఎలా: కోర్ తెరిచే రోజు నుంచి గ్రాఫ్ గీసేదాకా

ఎమ్మెస్సీ జియాలజీ పిల్లలు, కొత్తగా పీహెచ్‌డీలో చేరినవాళ్లు నన్ను అడిగేది ఎప్పుడూ ఒకటే: "కోర్ చేతికొచ్చింది, ముందు ఏం చెయ్యాలి?" ముందు దాన్ని ముట్టుకోకుండా ఫ్రిజ్‌లోనే ఉంచండి. మూడు వేల మీటర్ల లోతున సముద్రపు అడుగులోకి పైపు దించి తెచ్చిన బురద స్తంభం అది. ఒక సెంటీమీటరు గరిటెతో తీశాక మళ్లీ రాదు. అందుకే ఈ మార్గదర్శి మొత్తం ఒక్క వరస మీద నడుస్తుంది: కోర్‌ని పాడుచేయని పనులన్నీ ముందు, తిరిగి చేయలేని పనులు ఆఖరున.

నేను దక్షిణ సముద్రాన్ని, అంటే అంటార్కిటికా చుట్టూ ఉన్న సముద్రాన్ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఆర్కిటిక్‌లో తేడా ఉన్నచోట చెప్తాను.

## 1. ప్రశ్న ఒక్క వాక్యంలో రాయండి

"ఈ ప్రాంతపు పాత వాతావరణం తెలుసుకోవాలి" అనేది ప్రశ్న కాదు. "గత 20 వేల సంవత్సరాల్లో చలికాలపు సముద్రపు మంచు అంచు ఈ చోటు దాటి దక్షిణానికి ఎప్పుడు జరిగింది?" అనేది ప్రశ్న. దీన్నిబట్టి ఏ సాక్ష్యం (పాత వాతావరణాన్ని చెప్పే గుర్తు) కావాలో, ఎంత దగ్గర దగ్గరగా శాంపిల్ తీయాలో తేలుతుంది.

ఇక్కడే ఒక లెక్క వేసుకోవాలి. మీ కోర్‌లో వెయ్యేళ్లకు 20 సెం.మీ. బురద పేరుకుందనుకోండి. 2 సెం.మీ. ముక్క అంటే 100 సంవత్సరాలు. వెయ్యేళ్లకు 5 సెం.మీ. మాత్రమే పేరుకుంటే అదే ముక్కలో 400 సంవత్సరాలు కలిసిపోతాయి. దీనికి తోడు సముద్రపు అడుగున పురుగులు పై 10 సెం.మీ. దాకా బురదను కలియదున్నుతుంటాయి. రెండో కోర్‌లో అంటే రెండు వేల ఏళ్ల కథ కలగాపులగం అయినట్టే. అలాంటి కోర్ పట్టుకుని "దశాబ్దాల మార్పు" అని ప్రపోజల్ రాయకండి.

## 2. కోర్ తెచ్చుకోవడం

ఓడెక్కి వెళ్లే అవకాశం అందరికీ రాదు. మన దేశంలో ఈ పనికి కేంద్రం గోవాలోని వాస్కోలో ఉన్న జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం. దక్షిణ సముద్రంలోకి మన యాత్రలు 2004లో మొదలయ్యాయి. అంతర్జాతీయ డ్రిల్లింగ్ కార్యక్రమాలు తవ్విన కోర్‌లలో హిందూ మహాసముద్రానివి జపాన్‌లోని కోచిలో, అట్లాంటిక్, ఆర్కిటిక్‌లవి జర్మనీలోని బ్రెమెన్‌లో భద్రంగా ఉన్నాయి. శాంపిల్స్ కావాలని అక్కడికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఓడ మీద మీరే ఉంటే, కోర్ వేసే ముందు అడుగుభాగపు మ్యాపు, బురద పొరల సౌండింగ్ చూడందే వించ్ దించనివ్వకండి. లోతు తక్కువగా ఉన్న ఖండపు అంచు మీద పెద్ద మంచుకొండలు అడుగును నాగలిలా దున్నేస్తాయి. ఆ చాళ్లలో కోర్ వేస్తే పాతా కొత్తా కలిసిన బురద వస్తుంది. పాత హిమానీనదం వదిలిన గట్టి మట్టి పైకి తేలి ఉన్నచోట వేస్తే ఇంకా పెద్ద తలనొప్పి. ఒకసారి మా గ్రావిటీ కోరర్ పైపు పచ్చి అరటికాయలా వంగి డెక్ మీదికొచ్చింది. లోపల 40 సెం.మీ. మట్టి, అందులో మూడు రాళ్లు.

ఒక్క పరికరంతో సరిపెట్టుకోకండి. గ్రావిటీ కోరర్ బరువుతో దూసుకెళ్లేటప్పుడు పైనున్న మెత్తటి బురదను చెదరగొడుతుంది. పై భాగం చెక్కుచెదరకుండా కావాలంటే పక్కనే మల్టీకోరర్ (చిన్న గొట్టాలను నెమ్మదిగా దించే పరికరం) కూడా వేయాలి.

డెక్ మీద చెక్‌లిస్ట్:
- ప్రతి సెక్షన్ (కోర్‌ను అడ్డంగా కోసిన ముక్క) పైవైపు బాణం గుర్తు, సెక్షన్ నంబరు, లోతు పైపు మీదే పర్మనెంట్ మార్కర్‌తో రాయాలి. మూత మీద మాత్రమే రాస్తే చాలదు.
- పైవైపు నీలి మూత, కిందివైపు వేరే రంగు మూత. ఈ అలవాటు మార్చొద్దు.
- కోరర్ ముక్కులో చిక్కిన ముద్దను వేరుగా, పేరు రాసి ఉంచాలి. డేటింగ్‌కు, అంటే వయసు తేల్చడానికి, పనికొస్తుంది.
- 4 డిగ్రీల దగ్గర, కదలకుండా నిల్వ చేయాలి. గడ్డకట్టనివ్వకూడదు, గడ్డకడితే పొరలు చెదిరిపోతాయి.

## 3. కోయకముందు: స్కాన్లు

పైపు మూసి ఉండగానే అయస్కాంత గ్రహణశీలత (బురద అయస్కాంతానికి ఎంత స్పందిస్తుందో), సాంద్రత కొలవాలి. వీలైతే సీటీ స్కాన్ కూడా. ఈ దశను చాలామంది దాటేస్తారు. నా అనుభవం చెప్తాను.

ఒక చోట పని చేస్తున్నప్పుడు నాకిచ్చిన కోర్‌లో నాలుగో సెక్షన్‌ను ఎవరో తలకిందులుగా ట్యూబులో పెట్టారు. నాకు తెలియదు. మూడు వారాలు డయాటమ్‌లు (గాజు పెంకులున్న సూక్ష్మ శైవలాలు) లెక్కపెట్టి, సముద్రపు మంచు హఠాత్తుగా వెనక్కి వెళ్లి, మళ్లీ హఠాత్తుగా వచ్చిందని గొప్ప కథ అల్లాను. ఓడ మీద తీసిన అయస్కాంత కొలతల గ్రాఫు పక్కన పెట్టి చూస్తే ఆ సెక్షన్ వక్రరేఖ అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంది. కథ మొత్తం చెత్తబుట్టలోకి పోయింది.

సెక్షన్ల అతుకుల దగ్గర పాత కొలతా కొత్త కొలతా సరిపోతున్నాయో లేదో అయిదు నిమిషాలు చూస్తే చాలు, ఈ అవస్థ ఉండదు.

## 4. కోసిన రోజు చేయాల్సినవి

కోర్‌ను నిలువుగా రెండు సగాలు చేస్తారు. ఒకటి ఆర్కైవ్ సగం, దాన్ని ముట్టుకోరు. రెండోది పని సగం. తెరిచిన గంటలోపే ఫొటో తీయాలి, ఎందుకంటే గాలి తగలగానే ఆకుపచ్చ బురద గోధుమరంగులోకి మారిపోతుంది. గాజు పలకతో పైపొరను అడ్డంగా, ఒకే దిశలో గీకి శుభ్రం చేయండి. నిలువుగా గీకితే పై బురద కిందికి పూసుకుంటుంది.

తర్వాత రంగు చార్టుతో రంగు, కంటితో పొరలు రాసుకోండి. అంటార్కిటిక్ ఖండపు అంచు మీద కింది నుంచి పైకి సాధారణంగా కనిపించే వరస ఇది: అడుగున రాళ్లూ బంకమన్నూ కలిసిన గట్టి మట్టి, అంటే ఒకప్పుడు హిమానీనదం ఇక్కడ నేలనంటి ఉండేది. దాని మీద సన్న పొరల బూడిదరంగు మట్టి, అంటే మంచు తేలుతూ వెనక్కి వెళ్లింది. పైన ఆకుపచ్చటి, పట్టులా జారే డయాటమ్ బురద, అంటే పైన వేసవిలో తెరిచిన సముద్రం. వేళ్ల మధ్య నలిపి చూడండి. తేడా చేతికే తెలిసిపోతుంది.

ఆ తర్వాత ఎక్స్-కిరణాలతో మూలకాలను కొలిచే ఎక్స్‌ఆర్‌ఎఫ్ స్కానర్. మూలకాల కౌంట్లను విడివిడిగా నమ్మకండి. డయాటమ్ బురదలో నీళ్లు ఎక్కువ; ప్లాస్టిక్ ఫిల్మ్ కింద నీటి పొర చేరితే తేలిక మూలకాల కౌంట్లు పడిపోతాయి. నిష్పత్తులు, అందులోనూ లాగరిథమ్ నిష్పత్తులు వాడండి. టైటానియం నేల నుంచి వచ్చిన మట్టికి గుర్తు, బేరియం-టైటానియం నిష్పత్తి జీవోత్పత్తికి గుర్తు. ఫిల్మ్ కింద బుడగ, కోర్‌లో పగులు ఉన్నచోట్ల మొత్తం కౌంట్లు ఒక్కసారిగా కిందికి దిగుతాయి. ఆ బిందువులను తీసేయండి.

## 5. శాంపిల్ తీసే వరస

ఇక తిరిగిరాని పని మొదలైంది. వరస తప్పొద్దు:

1. బయోమార్కర్ (జీవులు వదిలిన గుర్తు అణువుల) శాంపిల్స్ మొదట. కాల్చి శుభ్రం చేసిన లోహపు గరిటె, అల్యూమినియం ఫాయిల్ వాడాలి. ప్లాస్టిక్, చేతి క్రీము తగలకూడదు. వెంటనే మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లోకి.
2. తర్వాత ఫోరామినిఫెరా (సున్నపు గుల్లలున్న ఏకకణ జీవులు) శాంపిల్స్. ఆలస్యం చేయొద్దు. బురదలోని పైరైట్ గాలికి ఆక్సీకరణమై ఆమ్లం పుట్టిస్తుంది, సున్నపు గుల్లలు కరిగిపోతాయి. ఏళ్లతరబడి తెరిచి ఉంచిన కోర్‌లో గుల్లలకు బదులు జిప్సం స్ఫటికాలు మెరుస్తుంటే మీరు ఆలస్యంగా వచ్చినట్టే.
3. డయాటమ్‌లకు చెంచాడు చాలు.
4. రాళ్లు, ఇసుక లెక్కకు మిగిలిన పెద్ద ముక్క.

పైపు గోడ నుంచి కనీసం అర సెంటీమీటరు వదిలేయండి. కోరర్ దిగేటప్పుడు గోడవెంట బురద కిందికి ఈడ్చుకుపోతుంది.

## 6. తారీఖులు: తొందరపడకూడని చోటు

మిగతా పనులన్నీ బాగా చేసినవాళ్లు కూడా ఇక్కడ దెబ్బతింటారు. ధ్రువ సముద్రాల్లో కార్బన్-14 డేటింగ్‌కు మూడు ఉచ్చులున్నాయి.

### 6.1 గుల్లలు దొరకవు

చల్లటి అడుగునీరు సున్నాన్ని కరిగిస్తుంది. దొరికినచోట నియోగ్లోబోక్వాడ్రినా పాకిడెర్మా అనే జాతే ఎక్కువ. డేటింగ్‌కు కొన్ని మిల్లీగ్రాములు కావాలంటే మైక్రోస్కోప్ కింద సన్న కుంచెతో వందల గుల్లలు ఏరాలి. ఒక శాంపిల్‌కు ఒక రోజు పడుతుంది. మెడనొప్పి బోనస్.

### 6.2 నీరే పాతది

దక్షిణ సముద్రంలో లోతునుంచి పైకొచ్చే నీరు శతాబ్దాలుగా గాలి చూడనిది. అందువల్ల ఇవాళ బతికున్న ప్రాణి పెంకు కూడా అంటార్కిటికా తీరంలో సుమారు 1,100 నుంచి 1,300 ఏళ్ల పాతదిగా కనిపిస్తుంది. మిగతా సముద్రాలకు అలవాటుగా వాడే 400 ఏళ్లు తీసేస్తే మీ తారీఖు 700 నుంచి 900 ఏళ్లు తప్పుతుంది. చివరి మంచుయుగం ముగిసే దశలో దక్షిణాన వచ్చిన చలి విరామం సుమారు 14,700 నుంచి 13,000 ఏళ్ల క్రితం మధ్యది. మొత్తం 1,700 ఏళ్లే. అందులో సగం మీ తప్పులోనే మునిగిపోతుంది.

కార్బన్-14 వయసును క్యాలెండర్ ఏళ్లలోకి మార్చడానికి 2020లో వచ్చిన మెరైన్20 కాలిబ్రేషన్ వక్రరేఖను ధ్రువ ప్రాంతాలకు నేరుగా వాడొద్దని దాన్ని తయారుచేసినవాళ్లే హెచ్చరించారు. మంచుయుగంలో సముద్రపు మంచు కప్పితే ఈ తేడా ఇంకా పెరిగి ఉండొచ్చు. అందుకని ఒక్క విలువతో కాకుండా తక్కువ, ఎక్కువ రెండు విలువలతోనూ వయసు మోడల్ నడిపి, మీ ముగింపు రెండింట్లోనూ నిలుస్తుందో లేదో చూడండి.

### 6.3 బురదలోని కార్బన్ కలగలుపు

గుల్లలు లేవని మొత్తం సేంద్రియ పదార్థాన్నే డేట్ చేస్తే, హిమానీనదాలు అరగదీసిన పురాతన రాళ్ల కార్బన్ కూడా అందులో కలుస్తుంది. కోర్ ఉపరితలమే కొన్ని వేల ఏళ్ల వయసు చూపిస్తుంది. ఉపరితలపు వయసును కింది వాటన్నిట్లోంచి తీసేస్తే సరిపోతుందనుకోవడం మామూలు పొరపాటు. పాత కార్బన్ పాలు ప్రతి లోతులోనూ ఒకేలా ఉండదు, ముఖ్యంగా డయాటమ్ బురద నుంచి కింది రాతి మట్టిలోకి దిగేచోట.

### దారులు

- పై 20-30 సెం.మీ.కు రేడియోధార్మిక సీసం-210. అర్ధాయువు 22 ఏళ్లు కాబట్టి గత 100 నుంచి 150 ఏళ్లకు పనికొస్తుంది. పైన అదనపు (గాలి, నీటి నుంచి పడి చేరిన) సీసం-210 లేకపోతే కోర్ తల పోయిందని అర్థం. కోర్ తల అంటే "నేడు" అని ఎప్పుడూ ముందే అనుకోవద్దు.
- గ్రావిటీ కోర్, మల్టీకోర్ రెండింటి ఎక్స్‌ఆర్‌ఎఫ్ రేఖలు జతచేసి ఎంత పోయిందో తేల్చండి.
- అగ్నిపర్వత బూడిద పొర దొరికితే, దాని రసాయనం మంచు కోర్‌లో ఇప్పటికే డేట్ అయిన పొరతో కలిస్తే, అది బంగారం.
- ఇంకా పాత కోర్‌లకు అయస్కాంత దిశ తిరగబడ్డ గుర్తులు, డయాటమ్ జాతులు అంతరించిన మట్టాలు. ఇప్పటి అయస్కాంత దిశ మొదలైంది సుమారు 7 లక్షల 73 వేల ఏళ్ల క్రితం.
- దక్షిణ అమెరికా కొసకూ అంటార్కిటికాకూ మధ్యనున్న స్కోషియా సముద్రంలో కోర్‌ల అయస్కాంత గ్రహణశీలతను అంటార్కిటిక్ మంచు కోర్‌లలోని ధూళితో జతచేస్తారు. మంచిదే. కానీ అలా జతచేశాక "మా కోర్ మంచు కోర్‌తో ఒకే సమయంలో మారింది" అని రాయకండి. మీరే కదా ముడివేసింది!

లోతు-వయసు మోడల్‌ను బేకన్ లాంటి బేయీసియన్ (సంభావ్యతతో లెక్కించే) ప్రోగ్రాంతో కట్టండి. అడుగు కొండచరియలు జారి ఒక్కసారిగా పడిన పొరలను ముందే గుర్తించి మోడల్ నుంచి తీసేయాలి. కింద ముతకగా, పైకి పోనుపోను సన్నగా ఉండే పొర కనిపిస్తే అదే అది. 15 సెం.మీ. మందంలో అది ఒక్క మధ్యాహ్నం పని కావచ్చు.

## 7. సాక్ష్యాలు తీయడం

### 7.1 డయాటమ్‌లు

దక్షిణ సముద్రానికి ఇదే నా మొదటి ఎంపిక. ఎండబెట్టిన బురద 0.1 నుంచి 0.2 గ్రాములు తీసుకుని హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో సేంద్రియం, పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో సున్నం తీసేయాలి. తటస్థం అయ్యేదాకా డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి. తొందరపడి నీళ్లు వంచేస్తే చిన్న జాతులు సింక్‌లోకి పోతాయి. సముద్రపు మంచును చెప్పేవి ఆ చిన్నవే! కనీసం రాత్రంతా తేరనివ్వండి.

వెయ్యి రెట్లు పెద్దది చేసి కనీసం 300 పెంకులు లెక్కపెట్టాలి. సగం కంటే ఎక్కువ ఉన్న ముక్కనే ఒకటిగా తీసుకోవాలి. అంటార్కిటిక్ ద్వీపకల్పం దగ్గర కీటోసెరోస్ అనే డయాటమ్ విశ్రాంతి బీజాలు మిగతావాటిని ముంచెత్తుతాయి. వాటిని వేరుగా లెక్కపెట్టి, అవి కాకుండా మళ్లీ 300 లెక్కించండి.

సముద్రపు మంచు దగ్గర పెరిగే డయాటమ్‌లు ఫ్రాజిలారియాప్సిస్ కర్టా, సిలిండ్రస్ రెండూ కలిపి 3 శాతం దాటితే ఆ చోటు సగటు చలికాలపు మంచు పరిధిలో ఉన్నట్టు తీసుకుంటారు. 1 నుంచి 3 శాతం మధ్య ఉంటే సగటు అంచుకూ గరిష్ఠ అంచుకూ మధ్య. అదే ప్రజాతికి చెందిన కెర్గ్యులెన్సిస్ పెరిగితే తెరిచిన సముద్రం. అయితే జాగ్రత్త: కెర్గ్యులెన్సిస్ పెంకు మందం, సులువుగా కరగదు. సన్నవి కరిగిపోయి అది మాత్రమే మిగిలినా గ్రాఫు "మంచు తగ్గింది" అనే చెప్తుంది. పెంకుల అంచులు తినేసినట్టున్నాయా అని ప్రతి స్లైడులోనూ ఒక మాట రాసుకోండి.

### 7.2 ఫోరామినిఫెరా

63 మైక్రాన్ల జల్లెడ మీద నెమ్మదిగా కడిగి, 50 డిగ్రీలలోపు ఆరబెట్టండి. ఒక శాంపిల్‌కూ ఇంకో శాంపిల్‌కూ మధ్య జల్లెడను మిథిలీన్ బ్లూ నీళ్లలో ముంచండి. ముందు శాంపిల్ గుల్ల ఏదైనా జల్లెడలో ఇరుక్కుని తర్వాతి దాంట్లో పడితే నీలంగా కనబడి దొరికిపోతుంది.

గుల్లలోని ఆక్సిజన్-18 నిష్పత్తి (మామూలు ఆక్సిజన్-16తో పోలిస్తే బరువైన ఆక్సిజన్ ఎంతో) ఒక్క ఉష్ణోగ్రతనే చెప్పదు. నీరు ఒక డిగ్రీ వేడెక్కితే అది సుమారు 0.22 నుంచి 0.25 పర్ మిల్ (వెయ్యికి ఇన్ని పాళ్లు) తగ్గుతుంది. మంచుయుగంలో నేలమీద పేరుకున్న మంచు వల్ల మొత్తం సముద్రమే సుమారు 1 పర్ మిల్ మారింది. పైగా ధ్రువాల్లో కరిగిన మంచునీరు కలిసినా నిష్పత్తి తగ్గుతుంది. కాబట్టి నిష్పత్తి పడిపోగానే "వేడెక్కింది" అనకండి. గుల్లలోని మెగ్నీషియం-కాల్షియం నిష్పత్తితో ఉష్ణోగ్రత లెక్కించే పద్ధతి సాయం చేస్తుంది కానీ సున్నా డిగ్రీల దగ్గర దాని చురుకు తక్కువ.

### 7.3 మంచు మోసుకొచ్చిన రాళ్లు

సముద్రం మధ్య బురదలో ముతక ఇసుక, గులకరాయి ఉన్నాయంటే మంచుకొండ మోసుకొచ్చి జారవిడిచిందనే. 150 మైక్రాన్ల పైబడిన రేణువులను గ్రాముకు ఎన్నని లెక్కించండి, లేదా ఎక్స్‌రే ఫిల్మ్‌లో 2 మి.మీ. దాటిన రాళ్లు లెక్కపెట్టండి. అగ్నిపర్వత గాజును వేరుచేయడం మరిచిపోవద్దు. ఇంకో మాట: రాళ్లు ఎక్కువంటే మంచుకొండలు ఎక్కువ అనే కాదు. ప్రవాహం సన్న బురదను కొట్టుకుపోయినా రాళ్లే మిగులుతాయి. 10 నుంచి 63 మైక్రాన్ల ఒండ్రు సగటు పరిమాణం చూస్తే ప్రవాహం వేగం తెలుస్తుంది.

### 7.4 బయోమార్కర్లు

ఆర్కిటిక్‌లో సముద్రపు మంచు డయాటమ్‌లు చేసే ఐపీ25 అనే అణువు 2007 నుంచి వాడుకలో ఉంది. దక్షిణాన దాని చుట్టం ఐపీసో25. ఐపీ25 సున్నా వస్తే రెండు అర్థాలు: మంచు అసలు లేదు, లేదా వెలుతురు చొరబడనంత మందంగా ఏడాది పొడవునా ఉంది. అందుకే తెరిచిన నీటిలో పెరిగే జీవుల స్టెరాల్‌ (కొవ్వు లాంటి అణువు)ను పక్కన పెట్టుకునే చదవాలి. రెండూ సున్నా అయితే మందపు మంచు.

## 8. శాతాన్ని చేరికగా మార్చండి

శాతాలు మోసం చేస్తాయి. రాతి మట్టి తగ్గితే డయాటమ్‌లు పెరగకపోయినా వాటి శాతం పెరుగుతుంది. పేరుకునే వేగాన్ని పొడి సాంద్రతతో గుణిస్తే ఎంత చేరిందో వస్తుంది. వెయ్యేళ్లకు 20 సెం.మీ., ఘన సెంటీమీటరుకు 0.4 గ్రాములు అయితే, వెయ్యేళ్లకు చదరపు సెంటీమీటరుకు 8 గ్రాములు. దాన్ని మీ సాక్ష్యం పాలుతో గుణించండి. ఎండబెట్టిన బురద బరువులో సముద్రపు ఉప్పు కూడా ఉంటుంది, దాన్ని తీసేశాకే ఈ లెక్క.

వయసు మోడల్‌లో తారీఖున్న బిందువు దగ్గర వంపు ఉంటే చేరిక గ్రాఫులో అక్కడ మెట్టు కనిపిస్తుంది. ఆ మెట్టు వాతావరణం చేసింది కాదు, మీ రెండు తారీఖులు చేసింది.

## 9. కలిపి చదవడం

కనీసం రెండు సాక్ష్యాలు, వేరువేరు లోపాలున్నవి, ఒకే మాట చెప్పాలి. డయాటమ్‌లు, ఐపీసో25 రెండూ మంచు తగ్గిందంటే సరే. డయాటమ్‌లు, ఒపాల్ (డయాటమ్ పెంకుల గాజు పదార్థం) శాతం ఒకే మాట చెప్తే అది ఒకే సాక్షి రెండుసార్లు మాట్లాడినట్టు.

బాగా చేసిన పని ఎలా ఉంటుందో చూడాలంటే అంటార్కిటిక్ ద్వీపకల్పంలోని లార్సెన్-బి. 2002లో ఆ తేలే మంచు పలక కొన్ని వారాల్లో ముక్కలైంది. దాదాపు 3,250 చదరపు కిలోమీటర్లు. అది ఉన్నచోట తీసిన కోర్‌లలో బురద పొరలు, డయాటమ్‌లు, ఫోరామ్‌ల ఆక్సిజన్ నిష్పత్తులు కలిపి చూసి, సుమారు పది వేల ఏళ్లలో అది ఇలా కూలలేదని 2005లో తేల్చారు. అక్కడ "లేకపోవడం" కూడా సాక్ష్యమే: తెరిచిన సముద్రపు డయాటమ్ బురద ఆ కాలమంతా పేరుకోలేదు.

ఇంకో ఉదాహరణ పశ్చిమ అంటార్కిటికాలోని పైన్ ఐలండ్ హిమానీనదం. తేలే మంచు పలకకు రంధ్రం చేసి కింది నుంచి కోర్‌లు తీశారు. సీసం-210తో లెక్కిస్తే, అడుగున్న గట్టు మీద నుంచి మంచు పైకి లేవడం 1940ల్లోనే మొదలైందని తెలిసింది. ప్రశ్న చిన్నది, డేటింగ్ పద్ధతి దానికి తగ్గది.

## 10. డేటా దాచే ముందు

- కాలిబ్రేట్ చేయని కార్బన్-14 వయసులు, ల్యాబ్ నంబర్లు, దోష పరిధి తప్పక ఇవ్వాలి. కాలిబ్రేషన్ వక్రరేఖలు మారుతుంటాయి. ముడి వయసులుంటే రేపు ఎవరైనా మళ్లీ లెక్కిస్తారు.
- వాడిన రిజర్వాయర్ వయసు (6.2లో చెప్పిన నీటి పాతదనం), ఎందుకు ఆ విలువో ఒక వాక్యం.
- శాతాలతో పాటు అసలు లెక్కలు, జాతులవారీగా.
- తీసేసిన శాంపిల్స్ జాబితా, కారణంతో.
- అన్నీ వయసుతోనే కాదు, లోతుతో కూడా. ఏ సెక్షన్, ఎన్ని సెంటీమీటర్ల నుంచి ఎన్ని దాకా అన్నది విడిగా.
- పాంజియా లాంటి ఉచిత భాండాగారంలో పేపరు ఒప్పుకునేలోపే ఎక్కించడం.

మిగిలిన పని సగం? ట్యూబులో పెట్టి, తడి స్పాంజి ముక్క వేసి, మూత టేపు చుట్టి మళ్లీ 4 డిగ్రీల గదిలోకి పంపేయండి. బాణం గుర్తు పైకే ఉందో లేదో ఇంకోసారి చూసి.